సమాజశాస్త్ర పట్టభద్రులకు ఏ ఉద్యోగాలు? ఇన్సేన్ నుంచి రంగూను రేవు దాకా

సమాజశాస్త్రం చదివితే ఉద్యోగమేమిటన్న ప్రశ్న ప్రవాసాంధ్ర కుటుంబాల్లో తరచు వినిపిస్తుంది. వైద్యుడికి ఆసుపత్రి ఉన్నట్లు ఈ చదువుకు స్థిరమైన చిరునామా లేదు. అయితే దాని అవసరం ఎక్కడ పుడుతుందో తెలుగువారి వలస చరిత్రే చూపుతుంది.

రంగూనుకు వాయవ్యాన ఉన్న ఇన్సేన్, బ్రిటిష్ పాలనలో రైల్వే వర్క్‌షాపుకు, జైలుకు పేరుపడిన ఊరు. 1931 జనగణన నాటికి రంగూను జనాభాలో సగానికి మించి భారతీయులే. కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అనిపించుకున్న తెలుగు కూలీలు ఓడరేవులో సరుకు దించేవారు, రిక్షాలు లాగేవారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులకు పని పోయింది. తరువాతి అల్లర్లలో వందమందికి పైగా మరణించారు.

ఇది కేవలం జాతివైరమా? కూలీలను కుదిర్చేది ఎవరు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పుగా ఎలా మారుతుంది, ఒక గదిలో ఎందరు నిద్రిస్తారు అని అడిగితేనే అసలు కారణాలు తెలుస్తాయి. 1933లో వచ్చిన ఇ.జె.ఎల్. ఆండ్రూ గ్రంథం, 1941 నాటి జేమ్స్ బాక్స్టర్ నివేదిక ఈ వలస శ్రమనే పరిశీలించాయి. బర్మాలో ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన ఫర్నివాల్, సంతలో తప్ప మరెక్కడా కలవని జాతుల సముదాయాన్ని 'బహుళ సమాజం' అన్నాడు. అధికారుల చేతిలో సాగిన ఆ పనే నేడు సమాజశాస్త్ర పట్టభద్రుల వృత్తి.

నేడు వారికి జనగణన, సర్వే సంస్థలు, కార్మిక సంక్షేమం, శరణార్థుల పునరావాసం, జైళ్ల సంస్కరణ, మానవ వనరుల విభాగాలు, సాఫ్ట్‌వేర్ వినియోగదారుల పరిశోధన వంటి రంగాలున్నాయి. ప్రజారోగ్యం మరొకటి. క్షయరోగి మధ్యలో మందు మానేస్తే కారణం నిర్లక్ష్యమే కానక్కరలేదు. ఆసుపత్రికి వచ్చిన రోజున అతని కూలి పోతుంది. ఆ సంగతి రక్తపరీక్షలో తేలదు.

పట్టా ఒక్కటే చాలదన్నది కూడా నిజం. గణాంకశాస్త్రం, ఇంటర్వ్యూ చేసే నేర్పు, క్షేత్రానుభవం తోడు కావాలి. అమెరికాలో చికిత్సాపరమైన సోషల్ వర్క్‌కు వేరే మాస్టర్స్ పట్టా, లైసెన్సు అవసరం. కనుక పిల్లలు ఈ చదువు ఎంచుకుంటే జీతమెంతని అడిగే ముందు, ఏ పరిశోధనా పద్ధతి నేర్చుకుంటున్నారని అడగడం మేలు. జీతం చాలావరకు దానిపైనే ఆధారపడుతుంది.