మందులేని సూది!

నొప్పి పోవడానికి సూదులు గుచ్చించుకోవడం... వినడానికే విచిత్రంగా ఉంటుంది. సిరంజి కనిపిస్తేనే మొహం పక్కకి తిప్పుకునేవాళ్లు ఒంటినిండా సూదులతో అరగంట కదలకుండా పడుకుంటారా అనిపిస్తుంది. పడుకుంటున్నారు. ఏళ్లతరబడి నడుంనొప్పి, మెడనొప్పి, మోకాళ్లనొప్పి మోస్తున్నవాళ్లకి ఆక్యుపంక్చర్ ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వాళ్లకి రాకపోయినా పెళ్లిలో పక్కన కూర్చున్న చుట్టాలు తెప్పిస్తారు! మరి ఆ సూదులతో నిజంగా నొప్పి తగ్గుతుందా?

మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన ఇళ్లలో అయితే మూడు నెలలు ఒక లెక్కే కాదు. ‘వయసు మీదపడింది, ఇంతేలే’ అనుకుంటూ అమ్మలు పదేళ్లయినా గడిపేస్తారు. బామ్ రాసుకుంటారు, బెల్టు కట్టుకుంటారు, మరీ ఓర్చుకోలేకపోతే మందుల షాపు నుంచి ఒక నొప్పి మాత్ర తెప్పించుకుంటారు. ఆ ఒక్కటి కాస్తా రోజుకొకటి అవుతుంది. చిక్కంతా అక్కడే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మాత్ర లేకుండా నొప్పి తగ్గే దారి కోసం వెతుక్కునేది అందుకే.

వెంట్రుకంత కాదుగానీ...

ముందు సూది సంగతి. ఇంజెక్షన్ సూది మధ్యలో మందు వెళ్లడానికి బోలుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూదికి ఆ బోలు ఉండదు, మందూ ఉండదు. గట్టి స్టీలు తీగ, అంతే. లావు పావు మిల్లీమీటరు... మూడు నాలుగు తలవెంట్రుకలు కలిపితే ఎంతో అంత. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, కొన్నిచోట్ల అదీ తెలియదు. లోపలికి దిగాక మాత్రం అక్కడ బరువెక్కినట్టో, లాగినట్టో, తిమ్మిరి పాకినట్టో అనిపిస్తుంది. దాన్ని చైనావాళ్లు ‘డెచీ’ అంటారు. అలా అనిపిస్తేనే సూది పడాల్సిన చోట పడిందని వాళ్ల లెక్క. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో అలా వదిలేస్తారు. కొందరు సూదులకు సన్నని తీగలు తగిలించి కాస్త కరెంటు కూడా పంపిస్తారు. చాలామంది ఆ అరగంటలో నిద్రపోతారు.

ఈ వైద్యానికి రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. ఒంట్లో ‘చీ’ అనే శక్తి పద్నాలుగు ప్రధాన దారుల్లో ప్రవహిస్తుందనీ, అది ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి వస్తుందనీ చైనా వైద్యుల నమ్మకం. ఆ దారుల మీద 361 స్థానాలు గుర్తించారు. శరీరాన్ని కోసి చూసిన ఆధునిక వైద్యులకి నరాలూ రక్తనాళాలూ కనిపించాయిగానీ ఆ దారులు మాత్రం కనిపించలేదు.

మనదేశానికి ఇది వచ్చిన తీరు ఓ కథ. జపాన్‌తో పోరాడుతున్న చైనాకి సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. వాళ్లలో షోలాపూర్‌కి చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన జీవితాన్నే శాంతారాం 1946లో సినిమాగా తీశారు. అదే బృందంలోని కలకత్తా డాక్టరు బి.కె.బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చారు. బెంగాల్‌లో ఆ విత్తనం బాగా మొలకెత్తింది. 1996లో పశ్చిమబెంగాల్ దీనికోసం ఏకంగా ఒక చట్టమే చేసింది. కేంద్రప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ని ప్రత్యేక వైద్యవిధానంగా గుర్తించింది.

అమెరికాకి పాకడం వెనక ఓ పాత్రికేయుడి అపెండిక్స్ ఉంది! 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్‌కి చెందిన జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా కడుపునొప్పితో ఆస్పత్రిపాలయ్యాడు. అక్కడి వైద్యులు మామూలుగానే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కడుపు ఉబ్బరంతో అవస్థపడుతుంటే మోచేతికీ మోకాళ్ల కిందా సూదులు గుచ్చారు. గంటలోపే హాయిగా అనిపించిందని ఆయన పత్రికలో రాశాడు. నోటినోటా పాకేసరికి ‘సూదులతోనే ఆపరేషన్ చేసేశారట’ అయిపోయింది. ఇప్పటికీ ఆ మాట చెప్పేవాళ్లున్నారు.

ఉత్తుత్తి సూదీ పనిచేసింది!

కథలు సరే, పరీక్షలు ఏమన్నాయి? ఇదే అసలు ఆసక్తికరమైన భాగం. దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 1162 మందిని జర్మనీ పరిశోధకులు మూడు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టుకి పద్ధతి ప్రకారం అసలు స్థానాల్లో సూదులు పెట్టారు. రెండో జట్టుకి ఏ స్థానమూ కానిచోట పైపైన గుచ్చారు. మూడో జట్టుకి మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆర్నెల్ల తర్వాత చూస్తే మొదటి జట్టులో 47.6 శాతం మంది చెప్పుకోదగ్గంత మెరుగయ్యారు. ఉత్తుత్తి సూదుల జట్టులో 44.2 శాతం. మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 27.4 శాతమే! 2007లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు ఆక్యుపంక్చర్‌ని ఇష్టపడేవాళ్లూ పడనివాళ్లూ కూడా ‘చూశారా, మేం చెప్పలేదూ’ అన్నారు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. సూదులు గుచ్చించుకున్నవాళ్లకి నొప్పి తగ్గింది, అది కాదనలేం. అయితే ఫలానా స్థానంలోనే గుచ్చాలన్న శాస్త్రానికి మాత్రం పెద్దగా బలం దొరకలేదు. మరి ఎందుకు తగ్గినట్టు? సూది ఎక్కడ దిగినా నరాలు స్పందిస్తాయి, మెదడు ఎండార్ఫిన్లనే సొంత నొప్పిమందుని వదులుతుందని 1970ల నుంచీ చెబుతున్నారు. సూదులు పడ్డవాళ్లకి ‘ఇక తగ్గుతుంది’ అన్న ఆశ కూడా తోడై ఉంటుంది. ఇంకొకటి కూడా ఉందని నాకనిపిస్తుంది. తెల్లారింది మొదలు రాత్రి గిన్నెలు కడిగేదాకా నడుం వాల్చని ఇల్లాలిని ఒకరు కూర్చోబెట్టి ‘ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి’ అని ఓపిగ్గా అడగడం, అరగంటపాటు ఫోనూ పొయ్యీ లేకుండా పడుకోబెట్టడం... అదేమీ చిన్న వైద్యం కాదు. అలాగని తగ్గిన నొప్పి ఉత్త భ్రమ అయిపోదు.

దేశదేశాల పరిశోధనలు 39 కలిపి, 20,827 మంది లెక్కలు తిరగేసిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. నడుం, మెడ, భుజం నొప్పులకీ, మోకీళ్ల అరుగుదలకీ, తలనొప్పికీ ఆక్యుపంక్చర్ ఉత్తుత్తి సూదికన్నా కాస్త ఎక్కువగా, ఏ సూదీ లేకపోవడం కన్నా బాగా ఎక్కువగా పనిచేసిందని తేల్చింది. వచ్చిన ఉపశమనంలో చాలాభాగం ఏడాది తర్వాత కూడా నిలిచిందట. అయినా పెద్దలు ఒక్క మాట మీద లేరు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ నడుంనొప్పికి 2009లో సూదులు సరేనంది, 2016లో వద్దంది, కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పులకి ప్రయత్నించి చూడొచ్చని 2021లో చెప్పింది.

పదీ పన్నెండు... ఆపైన లెక్క చూడాలి

అమెరికాలో పెద్దవాళ్ల వైద్యఖర్చు భరించే మెడికేర్ పథకం 2020 నుంచి దీర్ఘకాలిక నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తోంది. కానీ ఓ షరతు పెట్టింది. తొంభై రోజుల్లో 12 సిట్టింగులు. గుణం కనిపిస్తే మరో ఎనిమిది. కనిపించకపోతే అక్కడితో ఆపేయడమే. మన ఇళ్లకీ పనికొచ్చే పద్ధతి ఇది. ‘ఇంకో నెల చూద్దామండీ’ అంటూ ఏడాది తిరిగే పని ఉండదు.

గుణం కనిపించిందో లేదో తెలిసేదెలా? ‘ఎలా ఉందత్తయ్యా’ అంటే ‘ఏదో పర్లేదమ్మా’ అంటారు ఎవరైనా. అందుకే మొదటిరోజే ఓ నోటుపుస్తకంలో రాసిపెట్టండి... ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, వారానికి ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు అని. ఆరో సిట్టింగు అయ్యాక ఒకసారి, పన్నెండో దాని తర్వాత ఒకసారి పోల్చి చూస్తే నిజం తెలిసిపోతుంది.

అయితే ఇదంతా నొప్పికి కారణమేంటో డాక్టరు చూశాకే. నడుంనొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాలు పట్టుతప్పడం, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి ఉంటే సూదుల దగ్గరికి కాదు, ముందు ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లూ, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఆ సంగతి ముందే చెప్పాలి. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లు కూడా. సూదులు కొత్త ప్యాకెట్‌లోవి మన కళ్లముందే విప్పాలి, ఒకసారి వాడి పారేయాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. సరైన శిక్షణ ఉన్నవాళ్లు గుచ్చితే మహా అయితే కాస్త రక్తపుచుక్క, కమిలిన మచ్చ, కొద్దిసేపు కళ్లుతిరగడం. శిక్షణ లేనివాళ్లు ఛాతీ దగ్గర లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లుపడిన సందర్భాలూ ఉన్నాయి, అరుదుగానైనా. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ల కోర్సు అని అడగండి.

‘సూదులు మొదలయ్యాయిగా, ఇక బీపీ మాత్రలూ ఇన్సులినూ మానేయండి’ అని ఎవరైనా అంటే మాత్రం మర్యాదగా లేచి వచ్చేయడమే. నొప్పి తగ్గించడం వేరు, షుగర్‌ని అదుపులో పెట్టడం వేరు. మానాల్సిన మాత్ర ఏదైనా ఉంటే అది రాసిన డాక్టరే చెప్పాలి.

సూది తొడ కండరానికి బలమివ్వదు, పెరిగిన బరువు తగ్గించదు. నొప్పి సద్దుమణిగిన ఆ నాలుగు వారాల్లోనే నడకా, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలూ మొదలుపెట్టాలి. ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీ అని ముందే మొత్తం కట్టమంటే... మొదట పన్నెండుకే కడతామని చెప్పండి.