సైకిలుకు సంచి కట్టడానికీ ఓ లెక్కుంది

ఇందుకూరుపేట: సైకిలు కొనేటప్పుడు కంపెనీ పేరు చూస్తాం. టైర్లు నొక్కి చూస్తాం. బెల్లు కొట్టి చూస్తాం. కానీ దాని మీద వేసే బరువును ఏ సంచిలో వేయాలి, ఎక్కడ కట్టాలి అన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు. చేతికి దొరికిన సంచిలో కుక్కి, ఖాళీ కనబడిన చోట తగిలించి బయల్దేరతాం. మన తీర గ్రామాల్లో సైకిలు మీద నుంచి పడి దెబ్బలు తగిలించుకున్న వాళ్లను కదిలిస్తే, చాలా కథల్లో ఈ సంచే కనబడుతుంది.

దాపరికం ఎందుకు? ఈ విలేకరి ఇంట్లోనే ఆ సంగతి జరిగింది. మా పాప రెండో తరగతి చదివే రోజులు. పాపను వెనక కారేజీ మీద కూర్చోబెట్టుకుని, సరుకుల సంచిని ఎడమ పక్కన ఆ కారేజీకే వేలాడగట్టి ఇంటికి వస్తున్నాను. కాలువ కట్ట ఎక్కుతుండగా, “నాయనా, సంచి కాలికి తగల్తా ఉండాది” అన్నది. “కొంచెం ఓర్చుకోమ్మా, ఇల్లొచ్చేసింది” అన్నాను. పది గజాలు పోయామో లేదో, సంచి ఊగి చక్రం వైపు ఒరిగింది. దానితోపాటు పాప పాదాన్ని కూడా లోపలికి తోసింది. చువ్వల మధ్య మడమ ఇరుక్కుంది. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు గానీ, మడమ వెనక తోలు లేచిపోయి, పుండు మానడానికి నెలన్నర పట్టింది. తప్పు సైకిలుదీ కాదు, సంచిదీ కాదు. కట్టినవాడిది.

ఆ తర్వాతే ఈ విషయం పట్టించుకున్నాను. సైకిలు షాపుల దగ్గర, దర్జీ అరుగుల మీద, పాతకాలపు చేపల బేరగాళ్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నవీ, సొంతంగా చేసి చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పెరికెద్దు నేర్పిన పాఠం

బరువును రెండు పక్కలా పంచడం మనకు కొత్త కాదు. రైళ్లూ లారీలూ రాక మునుపు ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడేటట్లు గోనె వేసి సరుకు మోయించేవారు. ఆ గోనెను పెరిక అనీ, దాన్ని మోసే ఎద్దును పెరికెద్దు అనీ అన్నారు. లంబాడీలు ఇలాంటి ఎద్దుల మందలతోనే కోస్తా ఉప్పును లోపలి సీమలకు మోసుకుపోయేవారు. ఆ తర్వాత 19వ శతాబ్దంలో మన తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ సాగింది. 1876-78 నాటి పెద్ద కరువు కాలంలో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు దాకా పోయేవి. ఎద్దుల మందలు పోయాయి, పడవలూ పోయాయి. కాలువ కట్ట మీద సైకిలు మిగిలింది.

1980లో టీవీఎస్ 50 మోపెడు బజారులోకి వచ్చాక చేపల గంపలు ఒక్కొక్కటే దాని మీదికి ఎక్కాయి. అయినా బడికి పోయే ఆడపిల్లకు, రొయ్యల గుంతల కాపలాకు పోయే మనిషికి, ఉప్పు మడుల్లో పనికి పోయే కూలీకి నేటికీ సైకిలే ఆధారం. ఎద్దుకు పనికి వచ్చిన సూత్రమే సైకిలుకూ పనికి వస్తుంది. రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఎంత కిందుగా ఉంటే అంత మంచిది. కదలకుండా ఉండాలి. కావడి మోసేవాడు ఒక పక్క బరువు పెరిగితే రెండో పక్క రాయి అయినా పెట్టుకుంటాడు. ఆ మాత్రం లెక్క మనం సైకిలు దగ్గర మరచిపోతున్నాం.

ఎక్కడ కట్టాలి?

సైకిలు మీద సంచికి మూడు చోట్లున్నాయి. మొదటిది హ్యాండిలు. తపాలా ఉద్యోగులు ఖాకీ సంచిని అక్కడే తగిలించుకునేవారు. ఉత్తరాలు తేలిక గనుక వారికి సరిపోయింది. అది చూసి మనం ఐదు కిలోల బియ్యం కూడా అక్కడే తగిలిస్తున్నాం. హ్యాండిలు తిరిగినప్పుడల్లా బరువూ తిరుగుతుంది, ఊగుతుంది, మనం ఒక పక్కకు తిప్పితే అది ఇంకో పక్కకు లాగుతుంది. సంచి పొడుగైతే ముందు చక్రం చువ్వల్లో పడుతుంది. ముందు చక్రం ఒక్కసారిగా ఆగిపోతే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. ఇంకో ప్రమాదం చాలామంది గమనించరు. పాత తరహా సైకిళ్లకు బ్రేకు కమ్మీలు హ్యాండిలు కిందనే ఉంటాయి. సంచి చెవులు ఆ కమ్మీకీ హ్యాండిలుకూ మధ్య చిక్కుకుంటే బ్రేకు పూర్తిగా పడదు. కాబట్టి హ్యాండిలుకు మందుల చీటీ, మంచినీళ్ల సీసా, కిలో కూరగాయలు – ఇంతవరకే.

రెండోది సీటుకూ హ్యాండిలుకూ మధ్యనున్న త్రికోణం. సంచి కదలకుండా ఉండే చోటు ఇదే. అయితే మోకాళ్లకు తగలకుండా మూడు అంగుళాల మందం మించకూడదు. పంచరు సామాను, గాలి పంపు, గుంతల దగ్గరికి పోయేవారికి టార్చిలైటు ఇందులో పెట్టుకోవచ్చు.

మూడోది కారేజీ. అసలు బరువు అంతా మోయవలసింది ఇదే. కారేజీ పైన మూట మీద మూట పేర్చితే బరువు పైకి పోయి, ఎదురుగాలికి సైకిలు తూలుతుంది. సముద్రపు గాలి సంగతి మన వాళ్లకు చెప్పనక్కరలేదు. అదే బరువును రెండు పక్కలా దించితే సైకిలు నిలకడగా పోతుంది.

ఏ సంచి మంచిది?

గోనెసంచి గట్టిదే గానీ తడిస్తే బరువెక్కుతుంది, త్వరగా కుళ్లిపోతుంది. ఎరువుల ప్లాస్టిక్ సంచి తేలిక, చౌక. యూరియా బస్తా 2018 నుంచి 50 కిలోలకు బదులు 45 కిలోలది వస్తున్నది. ఆ ఖాళీ సంచి సైకిలుకు చక్కగా సరిపోతుంది. కానీ బాగా కడిగినా సరే, అందులో తినే సరుకులు నేరుగా పోయకూడదు. పురుగుమందుల సంచులనూ డబ్బాలనూ అసలు ముట్టుకోవద్దు. ప్లాస్టిక్ అల్లికకు ఎండ శత్రువు. పోగులు పొడిపొడిగా రాలడం మొదలైతే ఆ సంచి పని అయిపోయినట్లే.

రెక్సిన్ సంచి చూపుకు బాగుంటుంది, నీళ్లు దిగవు. అయితే మడతల దగ్గర పగులుతుంది. అన్నిటికన్నా మన్నికైనది లారీల మీద కప్పే మందపాటి టార్పాలిన్ గుడ్డ. పాత టార్పాలిన్ ముక్క దొరికితే వదలవద్దు. బజారులో అమ్మే కొత్త జంటసంచులు కొనేవారు గుడ్డ రంగు కన్నా కుట్లు చూడాలి. పట్టీ సంచికి కలిసే చోట రెండు వరసల కుట్టు ఉందా, చక్రం వైపు గట్టి పలక ఉందా, మూత నోరంతా కప్పుతుందా అని మూడు సంగతులు చూస్తే చాలు.

ఇంట్లోనే కుట్టించుకోవచ్చు

దర్జీకి ఇచ్చే కొలతలు ఇవి. ఒక్కో సంచి పొడవు 14 అంగుళాలు, లోతు 12, మందం 6. రెండింటినీ కలిపే నడిమి పట్టీ మీ కారేజీ వెడల్పు కొలిచి, దానికి ఒక అంగుళం కలిపి పెట్టించుకోవాలి. మన పెద్ద సైకిలు చక్రం 28 అంగుళాలది. 12 అంగుళాల లోతు సంచి సుమారుగా ఇరుసు దగ్గర ఆగుతుంది. అంతకన్నా దిగితే మిట్టల దగ్గర, ముళ్లకంపల దగ్గర చిరుగుతుంది.

చక్రం వైపు తప్పక ఒక గట్టి పలక ఉండాలి. పాత ప్లాస్టిక్ డ్రమ్ము ముక్క కోసి లోపల పెట్టవచ్చు. లేదా నాలుగు వెదురు బద్దలు నిలువుగా పెట్టి కుట్టవచ్చు. అట్టముక్క పెడితే ఒక్క వానకే నానిపోతుంది. మా సంచికి ఆ పలక ఉండి ఉంటే, అది చక్రం వైపు అలా ఒరిగేది కాదు.

మిషను కుట్టు ఆగని చోట దబ్బనంతో, మైనం పట్టించిన దారంతో కుట్టాలి. సంచి అడుగున రెండు మూలలకూ తాళ్లు పెట్టి కారేజీ కాళ్లకు కట్టాలి. పైన మాత్రమే కట్టి కింద వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. కట్టడానికి పాత ట్యూబు ముక్కలను మించినవి లేవు. పురికొస వదులవుతుంది, ట్యూబు పట్టి ఉంచుతుంది. కొసలు మాత్రం వేలాడనీయవద్దు.

కట్టాక స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. గుడ్డ రాసుకునే చప్పుడు రాకూడదు. తర్వాత సీటు మీద కూర్చుని పెడలు తొక్కితే మడమ సంచికి తగలకూడదు. తగిలితే సంచిని కొంచెం వెనక్కు జరపాలి. ఒక్కో పక్క ఏడెనిమిది కిలోలు చాలు. బరువైన సరుకు అడుగున, చక్రం వైపు పెట్టాలి. గుడ్లు, టమోటాలు పైన. మొదటి అర కిలోమీటరు పోయాక ఒకసారి ఆగి కట్లు చూసుకోవాలి. సంచి వేసుకున్న పక్క పిల్లలను కాళ్లు వేలాడేసి కూర్చోనివ్వవద్దు. చువ్వలకు అడ్డంగా జాలీ బిగించకుండా చిన్నపిల్లలను కారేజీ ఎక్కించవద్దు.

ఉప్పు నీళ్లు, చీకటి

చేపలు, రొయ్యలు మోసేవారు గుడ్డ సంచిలో నేరుగా వేయకూడదు. కారిన ఉప్పునీరు గొలుసు మీద, ఇరుసు మీద పడి సైకిలునే తినేస్తుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనో థర్మోకోల్ పెట్టెలోనో ఐసుతో పెట్టి, దాన్ని సంచిలో దించాలి. ఎండాకాలంలో చేప ఎంత ఉంటే ఐసు అంత ఉండాలన్నది లెక్క. ఇంటికి రాగానే సంచినీ కారేజీనీ మంచినీళ్లతో కడిగి, ఆరాక గొలుసుకు నూనె వేయాలి.

ఇంకొక మాట. కారేజీ సంచులు వెనక ఎర్ర అద్దాన్ని కప్పేస్తాయి. కావలి, నెల్లూరు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిని చీకట్లో దాటేవారికి ఇది ప్రాణాల మీది సంగతి. సంచి వెనక వైపు మెరిసే పట్టీ అంటించాలి. అది దొరకకపోతే తెల్లగుడ్డ అయినా కుట్టించాలి.

బడి పిల్లల సంచి

2020లో కేంద్రం ఇచ్చిన విధానం ప్రకారం పుస్తకాల సంచి పిల్లల బరువులో పదో వంతు మించరాదు. అంటే 30 కిలోల పిల్లకు మూడు కిలోలు. ఆ సంచినైనా వీపున వేసుకుని తొక్కడం కన్నా కారేజీకి బిగించడం మేలు. అయితే సంచి పట్టీలు, చున్నీ కొసలు చక్రంలో పడకుండా ముడివేసుకోవాలి.

మా పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. తన సైకిలు తానే తొక్కుకుంటూ పోతున్నది. మడమ మీద మచ్చ అలాగే ఉంది. బయల్దేరే ముందు స్టాండు వేసి చక్రం ఒకసారి తిప్పి చూసుకోవడం మాత్రం మరవదు. మన ఊళ్ల ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయులు వారానికి ఒక్క పూట సైకిళ్ల వరుస దగ్గర నిలబడి, సంచులు ఎలా కట్టారో చూస్తే ఎన్నో కాళ్లు దక్కుతాయి. ఖర్చు లేని పని. చేస్తారని ఆశిద్దాం.