రెడ్‌హిల్స్‌కు చేరే మూటలు

నాంపల్లి స్టేషన్‌లో దిగి రెడ్‌హిల్స్ దారి పడితే ఎవరైనా నిలోఫర్ ఆసుపత్రి చూపిస్తారు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చూపిస్తారు. అదే పేటలో ఉన్న ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీతో మాత్రం పోలీసులకూ లాయర్లకూ తప్ప మిగతావాళ్లకు పెద్దగా పనిపడదు. ‘ఎఫ్ఎస్ఎల్ నివేదిక రావాల్సి ఉంది’ అన్న మాట పేపర్లో తరచూ చదువుతుంటాం. ఆ నివేదికలు తయారయ్యే చోటు ఇది. వరంగల్, కరీంనగర్‌లలో ప్రాంతీయ ల్యాబులు ఉన్నా పెద్ద దిక్కు ఇదే.

ఇక్కడికి వచ్చేవన్నీ మూటలే. గుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేసిన పార్సిళ్లను కానిస్టేబుళ్లు జిల్లాల నుంచి మోసుకొస్తారు. రక్తం అంటిన చొక్కా, పురుగుమందు డబ్బా, పోస్టుమార్టంలో తీసిన లోపలి అవయవాల (విసెరా) సీసాలు, నాటు తుపాకీ, దొంగ సంతకమని అనుమానమున్న దస్తావేజు, పగిలిన సెల్‌ఫోన్. వాటి వెంట కోర్టు ద్వారా ‘లెటర్ ఆఫ్ అడ్వైజ్’ వస్తుంది. ఏ వస్తువు ఎక్కడ దొరికింది, దాని మీద ఏం తేల్చాలి అన్నవి అందులో రాసి ఉంటాయి. పార్సిల్ తీసుకునేవాళ్లు ముందుగా చూసేది లోపలి వస్తువును కాదు, పైనున్న సీలును. కాగితంతో వచ్చిన నమూనా ముద్రకూ దీనికీ పొంతన కుదరాలి. సీలు చెదిరిందంటే లోపల ఎంత బలమైన సాక్ష్యమున్నా కోర్టులో డిఫెన్స్ లాయరు పట్టుకునేది అక్కడే.

ఏసీబీ వలలో అధికారి చిక్కాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ చివరికి ల్యాబు పని ఉంటుంది. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. వాటిని తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి పంపుతారు. ఆ పొడి నిజంగా ఫినాఫ్తలీనేనని రసాయన విభాగం చెబితేనే ఆ గులాబీ రంగుకు విలువ.

ఇంతకంటే సున్నితమైనది లైంగిక దాడి కేసుల్లో వాడే ఎవిడెన్స్ కిట్. దాని గురించి ఇంటింటా తెలియాలని నా కోరిక. కిట్ ల్యాబులో తెరుచుకున్నా, దాని తలరాత ఆసుపత్రిలోనే ఖాయమవుతుంది. ముందు బాధితురాలి అనుమతి. తర్వాత నేల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద నిలబడి బట్టలు మార్చుకోమంటారు. రాలిన వెంట్రుక గానీ నూలుపోగు గానీ ఆ కాగితంలోనే ఉండిపోవాలి. ఒక్కో బట్ట ఒక్కో కాగితపు కవరులోకి వెళుతుంది. స్వాబ్‌లు, గాజు స్లైడ్లు, గోళ్ల కత్తిరింపులు, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు అన్నీ విడివిడిగా, పేరూ తేదీతో భద్రం చేస్తారు. డీఎన్ఏ కోసం తీసే రక్తం ఈడీటీఏ గొట్టంలోకి, మద్యం మోతాదు చూడటానికి తీసేది సోడియం ఫ్లోరైడ్ ఉన్న గొట్టంలోకి వెళ్లాలి.

తడి స్వాబ్‌ను ఆరనివ్వకుండా మూతపెట్టినా, తడిబట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టినా పని చెడుతుంది. వానాకాలంలో ముద్దగా వదిలేసిన బట్టకు బూజు పట్టడం మన ఇళ్లలో చూసిందే. అక్కడా జరిగేది అదే, సూక్ష్మజీవులు పెరిగి డీఎన్ఏ పాడవుతుంది. అలాగే విషం అనుమానమున్న కేసుల్లో విసెరాను ఉప్పు బాగా కలిపిన నీళ్లలో పంపాలి. అలవాటుగా ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష కష్టమవుతుంది. ఇవేవీ పెద్ద చదువు అడిగే సంగతులు కావు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకూ నర్సుకూ ఒకరు దగ్గరుండి నేర్పాలి, అంతే. కిట్లు కొన్నంత శ్రద్ధగా ఆ నేర్పే పని జరగాలి.

డీఎన్ఏ పరీక్ష విషయంలో హైదరాబాద్‌కు దేశంలో ప్రత్యేక స్థానముంది. ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశానికి తెచ్చింది. తర్వాత ఆ పనికోసం సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఇక్కడ ఏర్పడింది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు ముఖాలు చూసి పోల్చుకునే వీలు లేకపోయింది. డీఎన్ఏ పరీక్షలే ఎవరి బిడ్డ ఎవరో తేల్చాయి. ఆ కుటుంబాలకు అంత్యక్రియలు చేసుకునే అవకాశం దక్కింది.

ఇక ఉద్యోగాల మాట. తెలంగాణలో ఈ ల్యాబు కొలువులను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. సైంటిఫిక్ అసిస్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్ వంటివి పోలీసు బోర్డు నోటిఫికేషన్‌లో కనిపించినా ఖాకీ కొలువులు కావు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, జీవశాస్త్రాలు చదివినవాళ్లకు దారి ఉంది. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయమే ఉంది. కేంద్ర ల్యాబులకు యూపీఎస్సీ ద్వారా కూడా తీసుకుంటారు. అయితే పరీక్ష గెలిస్తే సరిపోదు. దుర్వాసన, రక్తపు మరకలు, పసివాళ్ల బట్టలు రోజూ బల్ల మీదకు వస్తాయి. వాటిని చూసి చలించినా చేతులు తడబడకూడదు. ఎప్పుడో కోర్టు పిలిస్తే బోనెక్కి, ఏళ్ల కింద చేసిన పరీక్షకు జవాబు చెప్పాలి.

కాంట్రాక్టు నియామకాలతో నెట్టుకురావడం ఈ పనికి సరిపడదని నేననేది అందుకే. ఈ ఏడాది పరీక్ష చేసిన మనిషి కేసు విచారణకు వచ్చేనాటికి ఎక్కడుంటాడో తెలియకపోతే, ఆ నివేదిక వెనక నిలబడేదెవరు? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాల్సిందేనంటోంది. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువిచ్చింది. ఘటనాస్థలికి వెళ్లే క్లూస్ టీమ్‌లు పెరిగితే రెడ్‌హిల్స్‌కు చేరే మూటలూ పెరుగుతాయి. వాటిని విప్పే చేతులు శాశ్వత ఉద్యోగులవి కావాలి. ఖాళీలను ఎప్పటికప్పుడు నింపాలి.

పాఠకులకు ఒక మనవి. నేరం జరిగిన చోట పోలీసులు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి, కడగకండి. ఇంట్లో ఆడపిల్లకో పసివాడికో జరగరానిది జరిగితే స్నానం చేయించే ముందు, బట్టలు ఉతికే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ బట్టలను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టండి. ఆలస్యమైందని ఆగిపోవద్దు, నాలుగు రోజుల లోపు వెళ్లినా స్వాబ్‌లు తీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇలాంటి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా చికిత్స ఉచితంగా ఇచ్చి తీరాలి. కాదనడం చట్టప్రకారం నేరం.