కింద పెట్టగలిగిన చేతికే కత్తి

మన ఇళ్లలో పిల్లల చేతికి కత్తి ఎప్పుడివ్వాలన్నది ఎవరూ కూర్చుని ఆలోచించే విషయం కాదు. ఆడపిల్లకు పదేళ్లు దాటాయంటే బెండకాయలు తరగమని కత్తిపీట ముందుకు తోస్తారు. మగపిల్లవాడు హాస్టల్‌కు వెళ్లేదాకా ఉల్లిపాయ కూడా కోసి ఎరగడు. ఇద్దరిలో ఎవరికీ పద్ధతిగా నేర్పింది లేదు, ఎవరినీ అంచనా వేసింది లేదు. పిల్లల్లో ఎవరికైనా మనసు చెదిరినప్పుడే ఆలోచన మొదలవుతుంది. చిన్న మాటకే వస్తువులు విసిరికొట్టే 14 ఏళ్ల కొడుకో, రోజుల తరబడి గదిలోంచి బయటికి రాని 16 ఏళ్ల కూతురో వంటింట్లోకి వచ్చి ‘నేను కోస్తానమ్మా’ అంటే తల్లి చెయ్యి ఆగిపోతుంది. ఇస్తే ఏమవుతుందోనని భయం. ఇవ్వకపోతే, నిన్ను నమ్మడం లేదని మొహం మీదే చెప్పినట్టు. ఈ సందిగ్ధాన్ని వయసు తేల్చదు. డాక్టరు చీటీ మీద రాసిన జబ్బు పేరూ తేల్చదు. చూడవలసిన గుర్తు వేరే ఉంది: కోపమో దుఃఖమో ముంచుకొస్తున్నప్పుడు ఆ పిల్లలు తమంతట తాము కత్తిని కింద పెట్టగలుగుతున్నారా అన్నది.

వయసుతోనే తేల్చేయవచ్చు కదా, చట్టాలు చేసేది అదే కదా అని అడగవచ్చు. ఇంగ్లండులో 18 ఏళ్లు నిండనివారికి కత్తులు అమ్మడం నేరం. సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో కత్తి వెంట ఉంచుకోవడమూ నేరమే. 3 అంగుళాలు మించని మడతచాకుకు మాత్రం మినహాయింపు ఉంది. మన 1959 నాటి ఆయుధాల చట్టం కింద 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. అయితే ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు తయారైనవాటిని ఆ జాబితా వదిలేసింది. అంటే కూరలు తరిగే చాకును ఏ వయసువారు పట్టుకోవచ్చో ఆ చట్టం చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. దుకాణదారుకు ఎదురుగా నిలబడ్డ కుర్రవాడు ఎలాంటివాడో తెలియదు కనుక అతనికి ఒక అంకె కావాలి. తల్లిదండ్రులకు మాత్రం ఆ కుర్రవాడే తెలుసు. వాడెప్పుడు ఉడుకుతాడో, ఎంతసేపటికి చల్లబడతాడో తెలిసినవాళ్లు అంకె మీద ఆధారపడితే తమకు తెలిసిన దాన్ని తామే పక్కన పెట్టినట్టవుతుంది.

ఎదిగే వయసు మనసుల మీద జరిగిన పరిశోధన కూడా ఇటువైపే చూపుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక ముఖ్యమైన తేడాను ఎత్తిచూపారు. తీరుబడిగా కూర్చుని ఆలోచించే విషయాల్లో 16 ఏళ్లవారి తెలివి దాదాపు పెద్దవారితో సమానం. ఆవేశంలో, తోటివారి కళ్ల ముందు తమను తాము ఆపుకునే శక్తి మాత్రం ఇరవైలు వచ్చాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆయన మార్గో గార్డ్‌నర్‌తో కలిసి 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వేర్వేరు వయసులవారి చేత కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. 13 నుంచి 16 ఏళ్లవారు ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు పక్కనున్నప్పుడు చాలా ఎక్కువగా తెగించారు. 24 దాటినవారిలో ఆ తేడా కనిపించలేదు. దీన్ని వంటింటికి అన్వయించుకుంటే, ‘వీడికి బాధ్యత ఉందా’ అనే ప్రశ్నే అసంపూర్తి. ఎక్కడ, ఎవరి ముందు, ఏ మనఃస్థితిలో అని కూడా అడగాలి. ఆదివారం ఉదయం అమ్మ పక్కన నిలబడి జాగ్రత్తగా క్యారెట్ తరిగే పిల్లవాడే, జేబులో మడతచాకుతో క్రికెట్ మైదానానికి వెళితే వేరే మనిషి కావచ్చు. శాంతంగా ఉన్న వేళ జాగ్రత్తలన్నీ అప్పజెప్పినంత మాత్రాన సరిపోదు.

మరి పరీక్షించేది ఎలా? అమెరికా స్కౌట్లలో ‘టోటిన్ చిప్’ అనే కార్డు ఉంది. చాకు, గొడ్డలి, రంపం వాడే పద్ధతి నేర్చుకుని, చేసి చూపించినవారికే అది దక్కుతుంది. బాధ్యత తప్పితే ఆ హక్కును వెనక్కి తీసుకోవచ్చు. పని చేసి సంపాదించుకోవలసిన హక్కు, పోగొట్టుకునే వీలున్న హక్కు అన్న ఈ రెండు సూత్రాలూ ఏ ఇంటికైనా పనికొస్తాయి. మొదట పెద్దవారు పక్కన ఉండగా మెత్తని కూరగాయలు, ఆ తర్వాత పెద్దవారు ఇంట్లో ఉండగా ఒంటరిగా, పని అయ్యాక కడిగి యథాస్థానంలో పెట్టడం. ఈ మెట్లు ఎక్కుతుండగా ముక్కలు ఎంత సన్నగా వచ్చాయన్న దాని కంటే మనిషిని గమనించాలి. మధ్యలో తమ్ముడితో మాటామాటా వస్తే కత్తి చేతిలో ఉండగానే గొంతు లేస్తోందా, లేక ముందు చెక్క మీద పెట్టి తర్వాత మాట్లాడుతున్నాడా? వేలు తెగితే చెబుతున్నాడా, దాస్తున్నాడా? ‘ఇవాళ్టికి చాలు’ అంటే ఎలా తీసుకుంటున్నాడు? ‘ఈరోజు నా మనసు బాగాలేదు, నేను కొయ్యను’ అని తనే చెప్పగలిగిన రోజున వాడు ఆ బాధ్యతకు తగినవాడయ్యాడని నమ్మవచ్చు.

అయితే ఈ పరీక్షలేవీ పెట్టకూడని సందర్భం ఒకటుంది. పిల్లలు తమను తాము గాయపరచుకుంటున్నారని తెలిసినా, చావు గురించి మాట్లాడుతున్నా ముందు పదునైన వస్తువులను, మందులను, పురుగుమందులను వారికి అందకుండా దాచాలి. ఆ తీవ్రమైన ఆవేశం తరచూ కొద్దిసేపట్లోనే తగ్గుముఖం పడుతుంది; ఆ కాస్త సమయంలో చేతికి ఏది అందిందన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులపై 1995లో, ఎండోసల్ఫాన్‌పై 1998లో ఆంక్షలు పెట్టాక, 2005 నాటికి అక్కడి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. దాచడంతో పని అయిపోదు. ‘చనిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా, ప్రేమగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహేనని అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. అలాగని మానసిక సమస్య ఉన్న ప్రతి పిల్లవాడూ ఇతరుల మీదికి కత్తి ఎత్తుతాడనుకోవడం ఘోరమైన అన్యాయం. అలాంటి సమస్యలున్నవారిలో అత్యధికులు హింసకు పాల్పడరు. వాళ్లు హింసకు బలయ్యే సందర్భాలే ఎక్కువ.

ఇంత చూసుకోవాల్సి వస్తే అసలు ఇవ్వడమెందుకు, తరిగిన కూరగాయలే దొరుకుతున్నాయి కదా అన్నది తేలిగ్గా తోసిపుచ్చలేని ప్రశ్న. కానీ ఇంట్లో దాచినంత మాత్రాన లోకంలో కత్తులు లేకుండా పోవు. హాస్టల్లో, స్నేహితుడి ఇంట్లో, వీధి చివరి దుకాణంలో అది దొరికే రోజున, నేర్చుకున్న చేతికీ నేర్చుకోని చేతికీ తేడా ఉంటుంది. అంతకన్నా బలమైన కారణం చదువుల చరిత్రలో ఉంది. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్ కృషితో 1866లో చేతిపని బడి చదువులో భాగమైంది. స్వీడన్‌లోని నాస్‌లో ఒట్టో సాలమన్ ఆ పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. ఆ పద్ధతిలో పిల్లలు మొదట పట్టిన పనిముట్టు చెక్క చెక్కే కత్తే. వాళ్లను వడ్రంగులను చెయ్యాలని కాదు. నిదానం, ఏకాగ్రత, స్వశక్తి మీద నమ్మకం అలవడాలని. కలతలో ఉన్న పిల్లల చుట్టూ ఇప్పటికే ‘వద్దు’లు పేరుకుపోయి ఉంటాయి. తాను కోసిన కూర ఇంటిల్లిపాదీ తింటున్నారన్న తృప్తి వాళ్లకు ఆ వద్దుల మధ్య దొరికే అరుదైన ‘సరే’.

తల్లిదండ్రుల అంచనా తప్పవచ్చు, తప్పుతుంది కూడా. అందుకే ఈ నిర్ణయాన్ని ఒక్కసారి ఇచ్చేసే వరంలా చూడకూడదు. కత్తిని వెనక్కి తీసుకోవలసి వస్తే దండనగా, నలుగురి ముందు కాకుండా, ఎందుకు తీసుకున్నామో, ఏం చేస్తే మళ్లీ ఇస్తామో చెప్పి తీసుకోవాలి. తిరిగి దక్కే దారి కనిపిస్తే పిల్లలు దాని కోసం ప్రయత్నిస్తారు. కొన్ని ఇళ్లలో పెద్దలు కత్తిని చేతినుంచి చేతికి ఇవ్వరు. కింద పెడతారు, అవతలివారు తీసుకుంటారు. ఆ ఆచారాన్ని శకునంగా కాక పాఠంగా చెప్పినా మేలే: కత్తితో నేర్చుకోవలసిన మొదటి పని దాన్ని కింద పెట్టడమే.