కుస్తీ పంచాంగం

మార్చి వచ్చేసరికి మా ఊళ్ళో తెలుగువాళ్ళకి రెండు పంచాంగాలు. ఒకటి ఉగాదినాడు అందరం కూర్చుని వినేది. రెండోది దానికి ముందే మా ఇళ్ళ బేస్‌మెంట్లలో తయారయ్యేది: బిగ్ టెన్ కుస్తీ పోటీల్లో ఎవరు గెలుస్తారో చెప్పే పంచాంగం. మొదటిదాన్లో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఉంటాయి. రెండోదాన్లోనూ అవే ఉంటాయి. తిథి వార నక్షత్రాల బదులు పౌన్లూ సీడింగులూ ఉంటాయి, అంతే తేడా.

ఈ మధ్యనే మిడ్‌వెస్ట్‌కి వచ్చిన కుటుంబాల కోసం కాస్త వివరంగా చెబుతాం. పాతకాపులు ఓపిక పట్టాలి.

బిగ్ టెన్ అంటే పేరుకు పది గాని, 2024 నుంచి అందులో ఉన్నవి 18 విశ్వవిద్యాలయాలు. వాటిలో కుస్తీ జట్టు ఉన్నవి 14. ఏటా మార్చి మొదట్లో ఒక శని, ఆదివారాలు ఈ 14 జట్లూ ఒకచోట చేరతాయి. 125 పౌన్ల నుంచి 285 పౌన్ల దాకా పది బరువులు. ఒక్కో బరువుకి జట్టుకి ఒక్కడు. అంటే అందరూ వస్తే 140 మంది. అక్కడ మంచి స్థానం వచ్చినవాళ్ళు రెండు వారాల తర్వాత జరిగే జాతీయ పోటీలకి వెళతారు. అక్కడికి దేశం మొత్తం మీద బరువుకి 33 మంది చొప్పున 330 మందికే ప్రవేశం.

ఆట ఏడు నిమిషాలు: మొదట మూడు, తర్వాత రెండు, మళ్ళీ రెండు. నిలబడి ఉన్నవాణ్ణి పడేసి అదుపులోకి తెచ్చుకుంటే టేక్‌డౌన్. దానికి 2023-24 సీజను నుంచి 3 పాయింట్లు, అంతకుముందు 2. కిందివాడు విడిపించుకుని లేస్తే 1. కిందివాడే తిరగబడి పైకి వస్తే 2. అవతలివాడికంటే ఒక నిమిషం ఎక్కువ సేపు పైన ఉండి అదిమిపెట్టగలిగితే చివర్లో ఇంకో పాయింటు. రెండు భుజాలూ చాపకి ఆనించి చిత్తు చేస్తే మాత్రం పాయింట్లతో పనిలేదు, ఆట అక్కడితో సరి. మనవాళ్ళ గోదాకీ దీనికీ మట్టి ఒక్కటే తేడా అనిపిస్తుంది మొదటిసారి చూస్తే.

మా సంఘంలో ఈ చీటీల ఆచారం చాలా ఏళ్ళుగా ఉంది. పది బరువులకి పది పేర్లు, జట్టు పేరు ఒకటి రాసి శుక్రవారం రాత్రిలోగా ఇవ్వాలి. డబ్బు పందెం లేదు. ఎక్కువ సరిగ్గా చెప్పిన కుటుంబానికి ఉగాది భోజనాలనాడు గిన్నెలు కడిగే పని తప్పుతుంది. ఆ గిన్నెల సంఖ్య తెలిసినవాళ్ళకి ఇది చిన్న బహుమతి కాదని తెలుసు.

మా మిత్రుల్లో ఇంజనీర్లూ డాక్టర్లూ ఎక్కువ కాబట్టి అందరూ లెక్కలతోనే మొదలుపెడతారు. మేమూ అంతే. పోటీ నిర్వాహకులు ముందుగానే ఒకటి, రెండు, మూడు అని సీడింగు ఇస్తారు. మొదటి సీడింగు ఉన్నవాళ్ళ పేర్లు పదీ రాసేస్తే పనైపోతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు. 14 మందిలో మొదటి ఇద్దరికీ తొలి రౌండు ఉండదు. అయినా ఇంకా మూడు కుస్తీలు గెలవాలి. ప్రతి కుస్తీలోనూ వాడు గెలిచే అవకాశం నూటికి 80 అనుకోండి. మూడూ గెలిచే అవకాశం 80 కాదు, నూటికి 51. ఇంచుమించు బొమ్మా బొరుసే. అలాంటివాళ్ళు పదిమందీ గెలవటమనేది వెయ్యిసార్లలో ఒక్కసారి జరిగే మాట. జాతీయ పోటీల్లో అయిదు కుస్తీలు గెలవాలి కాబట్టి 51 కాస్తా 33కి దిగుతుంది. కనక మన చీటీలో పదికి ఆరు సరిపోతే సిగ్గుపడనక్కరలేదు.

జట్టు గెలుపు లెక్క వేరు. జాతీయ పోటీల్లో మొదటి స్థానానికి 16 పాయింట్లు, రెండుకి 12, మూడుకి 10, తర్వాత 9, 7, 6, 4, 3. గెలిచి ముందుకు వెళ్ళిన కొద్దీ పాయింటు చొప్పున కలుస్తుంది. దాని పైన అదనం: 8 నుంచి 14 పాయింట్ల తేడాతో గెలిస్తే 1, 15 తేడా అయితే ఒకటిన్నర, చిత్తు చేస్తే 2. మామూలుగా గెలుస్తూ వచ్చిన ఛాంపియను 20 పాయింట్లు తెస్తే, అయిదుగురినీ చిత్తు చేసినవాడు 30 తెస్తాడు. అందుకే జట్టు పేరు రాసేటప్పుడు ఎవరు గెలుస్తారన్నదే కాదు, ఎలా గెలుస్తారన్నదీ చూడాలి.

ఈ లెక్కకి మంచి ఉదాహరణ పెన్ స్టేట్. కేల్ శాండర్సన్ 2009లో అక్కడ కోచ్ అయ్యాడు. తాను అయోవా స్టేట్‌లో చదివే రోజుల్లో 159 కుస్తీలు పట్టి ఒక్కటీ ఓడనివాడు. 2011 నుంచి 2025 దాకా ఆ జట్టు 12 జాతీయ విజయాలు సాధించింది. మధ్యలో 2015 ఒహాయో స్టేట్‌ది, 2021 అయోవాది. 2020లో కోవిడ్ వల్ల పోటీలే జరగలేదు. అంతకుముందు కథ అయోవాది. 1974 నుంచి 1998 దాకా వరుసగా 25 ఏళ్ళు బిగ్ టెన్ విజయం అయోవాదే. ఆ రోజుల్లో జట్టు పేరు రాయటానికి చీటీ అవసరం ఉండేది కాదు. 1999లో మిన్నెసోటా గెలిచి ఆ వరుసని ఆపింది.

అయితే లెక్కలన్నీ సరిగా వేసినా తప్పే సందర్భాలు ఉంటాయి. అసలు ఈ ఆటని గుర్తుంచుకునేది వాటి వల్లనే. డాన్ గేబుల్ విద్యార్థి దశలో, స్కూలూ కాలేజీ కలిపి, 181 కుస్తీలు వరుసగా గెలిచాడు. 1970లో ఎవాన్‌స్టన్‌లో తన ఆఖరి కాలేజీ కుస్తీలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ ఓవింగ్స్ చేతిలో 13-11తో ఓడిపోయాడు. ఆ రోజు చీటీలు వేసి ఉంటే ఓవింగ్స్ పేరు ఎంతమంది రాసేవారో ఊహించండి. గేబుల్ అక్కడ ఆగలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం తెచ్చాడు. తర్వాత అయోవా కోచ్‌గా 15 జాతీయ విజయాలు సాధించాడు. ఆయన పేరే పెట్టుకున్న మిన్నెసోటా కుర్రాడు గేబుల్ స్టీవ్‌సన్ టోక్యో ఒలింపిక్స్ విజేత. 2025 మార్చిలో ఫిలడెల్ఫియాలో జాతీయ ఫైనల్లో, ఆఖరి అరనిమిషంలో ఇచ్చిన ఒక్క టేక్‌డౌన్‌తో ఓక్లహోమా స్టేట్‌కి చెందిన వయాట్ హెండ్రిక్సన్ చేతిలో 5-4తో ఓడాడు. 2023లో మూడుసార్లు జాతీయ విజేత అయిన అయోవా స్పెన్సర్ లీని సెమీఫైనల్లో చిత్తు చేసిన మాట్ రామోస్ పర్డ్యూవాడు. అంటే మన బిగ్ టెన్‌వాడే.

ఇంతవరకూ లెక్క. ఇక మా ఇంటి సంగతి.

కిందటేడు ఈ చీటీల్లో గెలిచింది మా అబ్బాయి. వాడికి పదిహేనేళ్ళు. మేమిద్దరం కాలిక్యులేటరు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని అయిదు పేర్లు సరిగ్గా చెప్పాం. వాడు అరగంటలో రాసి ఎనిమిది చెప్పాడు. ఎలాగని అడిగితే, "మీరు నంబర్లు చూస్తారు నాన్నా, నేను ఎవరికి ఎవరు పడరో చూస్తాను" అన్నాడు. నిలబడి కాళ్ళు లాగేవాడు వేరు, పైన కూర్చుని లేవనివ్వనివాడు వేరు. మొదటిరకంవాడు అందరినీ ఓడించి రెండోరకంవాడి చేతిలో ఇరుక్కుపోతాడట. గర్వంగానే ఉంది మాకు. వాడు హైస్కూలు జట్టులో చేరతానంటే కాగితాల మీద సంతకాలు పెట్టేశాం. చదివి పెట్టామా అంటే, లేదు.

జనవరిలో వీడు రాత్రి భోజనానికి రావటం తగ్గించాడు. "స్కూల్లో తినేశాను" అనేవాడు. ఇంట్లో రెండు చొక్కాలు తొడుక్కుని తిరిగేవాడు. చలికాలం కదా అనుకున్నాం. పప్పు పెడితే వద్దు, పెరుగన్నం పెడితే వద్దు. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఈ తిండి సయించదులే అని మాలో మేమే సర్దిచెప్పుకున్నాం. అప్పుడు మాతో ఉండటానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్ళ తాతగారు మాత్రం నాలుగు రోజుల్లోనే పట్టేశారు. ఆయన చిన్నప్పట్నించీ కోడి రామ్మూర్తినాయుడి కథలు వింటూ పెరిగినవారు. "కుస్తీ పట్టేవాడు పాలూ బాదంపప్పులూ నెయ్యీ తింటాడని విన్నాను గాని, నీళ్ళు కూడా తాగని వస్తాదుని మీ ఇంట్లోనే చూస్తున్నాను" అన్నారు. ఆ మాటకి మొదట నవ్వాం. తర్వాత వాణ్ణి తూకం యంత్రం మీద నిలబెట్టాం.

జట్టులో వాడి బరువులో ముందే ఒక సీనియర్ ఉన్నాడు. ఆడాలంటే కింది బరువుకి దిగాలి. అందుకోసం పదిరోజుల్లో ఆరు పౌన్లు తగ్గాలనుకున్నాడు, తగ్గాడు కూడా. కోచ్‌కి చెప్పలేదు, మాకు చెప్పలేదు. "అందరూ చేస్తారు అమ్మా" అన్నాడు తాపీగా.

అందరూ చేస్తారన్నది పూర్తిగా అబద్ధం కాదు, అదే భయం. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో, కాస్త అటూ ఇటూగా నెలరోజుల లోపల, ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు ఇలాగే త్వరత్వరగా బరువు దించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒంట్లో నీరు పోయేలా చెమట పట్టించుకోవటమే వాళ్ళు చేసిన పని. ఆ తర్వాతే ఎన్.సి.ఎ.ఎ. సానాలూ రబ్బరు సూట్లూ నిషేధించింది. బరువు చూసే వేళని కుస్తీకి దగ్గరగా జరిపింది. అతి తక్కువ బరువుని 118 నుంచి 125 పౌన్లకి పెంచింది. మనం చీటీలో రాసే ఆ 125 అనే అంకె వెనక ఉన్న సంగతి ఇది. ఇన్నేళ్ళుగా రాస్తున్నాం గాని, ఎందుకు 125 అని ఒక్కసారి అడగలేదు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ ఇంకొకటుంది. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్ తొలి కుస్తీలోనే జపాన్‌కి చెందిన యుయి సుసాకిని ఓడించింది. పంచాంగకర్తలెవరూ ఊహించని గెలుపు అది. ఫైనల్ చేరింది. మర్నాడు పొద్దున తూకంలో 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువని అనర్హురాలైంది. ఆ వేళ మన ఇళ్ళల్లో ఎంత బాధపడ్డామో గుర్తుంది కదా. ఆ తూకం మన ఇంటి బాత్‌రూములోనే ఉందని అప్పుడు తోచలేదు.

మేము మర్నాడే కోచ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ముఖం మాడ్చుకోలేదు. మేము సంతకం పెట్టిన కాగితమే తీసి చూపించాడు. హైస్కూలు నిబంధనల ప్రకారం సీజను మొదట్లోనే ప్రతి పిల్లవాడికీ ఇంతకంటే తగ్గకూడదని ఒక బరువు నిర్ణయిస్తారు. వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర మించి తగ్గకూడదు. 130 పౌన్ల కుర్రాడికి అది సుమారు రెండు పౌన్లు. అన్నీ అందులో రాసే ఉన్నాయి. మేము చదవలేదు, అంతే. ఇండియా నుంచి వచ్చే వీసా కాగితం మీద కామా కూడా వదలం. పిల్లవాడి ఒంటికి సంబంధించిన కాగితం మాత్రం కారు నడుపుతూ సంతకం పెట్టేశాం.

ఇప్పుడు వాడు పై బరువులో రెండో ఆటగాడిగా ఉన్నాడు. ఫిబ్రవరిలో రెండు కుస్తీలు పట్టి రెండూ ఓడాడు. రెండోది 6-4. ఇంటికొచ్చి ముద్దపప్పూ ఆవకాయా వేసుకుని రెండు సార్లు వడ్డించుకున్నాడు. తాతగారు "పట్టు దొరక్కపోతే రేపు దొరుకుతుంది" అన్నారు. మానెయ్యమని మేము చెప్పలేదు. ఆడపిల్లల కుస్తీని కూడా 2025 జనవరిలో ఎన్.సి.ఎ.ఎ. జాతీయ పోటీల జాబితాలో చేర్చింది కనక ఈ విషయం మగపిల్లల తల్లిదండ్రులకే పరిమితం కాదని కూడా గుర్తుంచుకోండి. మా చిన్నమ్మాయి ఇప్పటికే అన్నయ్య కాలు లాగటం సాధన చేస్తోంది.

ఇక ఈసారి చీటీల సంగతి. నియమాలు పాతవే. కుటుంబానికి ఒక చీటీ, పది పేర్లు, ఒక జట్టు. ఈ ఏడు అడుగున ఒక గడి కొత్తగా పెట్టాం. మీ ఇంట్లో ఎవరైనా ఏ ఆటైనా ఆడుతుంటే, స్కూలు పంపిన కాగితం మీరు మొదటి నుంచి చివరి దాకా చదివారా లేదా అన్నదానికి అవును, కాదు అని రాయాలి. దానికి పాయింట్లు లేవు. "కాదు" అని రాసినవాళ్ళ పేర్లు ప్రకటించం. మొదటి "కాదు" మాదే.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటిలోగా చీటీలు ఇవ్వండి. జట్టు విషయంలో మేమూ మా అబ్బాయీ ఒకటే రాశాం, బరువుల్లో మాత్రం నాలుగుచోట్ల మాకు పడలేదు. కిందటేటి అనుభవం ఉంది కాబట్టి, గిన్నెలు తోమే స్పాంజీలు ఇప్పుడే కొని పెట్టుకుంటున్నాం.