పూర్వపక్షానికి పెద్దపీట

"వాదించకు" అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తూ ఉంటుంది. పూజ దగ్గర కూర్చున్న పిల్లవాడు "దేవుడు అంతటా ఉన్నాడంటారు కదా, మరి గుడికి వెళ్ళడం ఎందుకు?" అని అడుగుతాడు. సమాధానం తోచని పెద్దలు "దేవుడి విషయంలో తర్కం కూడదు, కళ్ళు పోతాయి" అంటారు. ప్రశ్న అప్పటికి ఆగుతుంది గాని నశించదు. ఏళ్ళు గడిచాక ఆ పిల్లవాడు పూజగది వైపు రావడం మానేస్తే, కాలం మారిపోయిందని మనం వాపోతాము.

ప్రశ్నించిన వాడి నోరు మూయించడం మన ధర్మం నేర్పిన పద్ధతేనా? పాఠక మహాశయులు కొంచెం నిదానించి విచారించవలసిన విషయమిది. నచికేతుడు సాక్షాత్తు యమధర్మరాజునే ప్రశ్నించాడు. జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని ఒకసారి ప్రశ్నించి, ఆయన వారించగా ఊరుకొని, పిదప సభాసదుల అనుమతితో మళ్ళీ లేచి అడిగింది. ఆ ప్రశ్నలను ఉపనిషత్తు దాచలేదు, సమాధానాలతోపాటు భద్రపరచింది.

బృందావనంలోని తార్కికుడు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి మంత్రాలయం ఇంటి గుడి వంటిది. గురువారం ఉపవాసాలు, శ్రావణ మాసపు ఆరాధనలు మన జీవితంలో భాగమైపోయాయి. ఆనాడు మంచాల అని పిలిచిన ఆ గ్రామాన్ని ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ స్వామివారికి సమర్పించిన కథ మన పిల్లలకు కూడా తెలుసు. 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్ర స్వామివారి మహిమలను మనం ఎన్నో చెప్పుకుంటాము. ఆయన తర్కశాస్త్రంలో ఉద్దండులన్న సంగతిని మాత్రం అంతగా చెప్పుకోము.

విజయనగర సామ్రాజ్య కాలంలో వ్యాసతీర్థులు 'తర్కతాండవం' అనే గ్రంథాన్ని రచించారు. నైయాయికుల సిద్ధాంతాలను వారి శాస్త్ర పరిభాషతోనే పరీక్షించిన గ్రంథమది. దానికి 'న్యాయదీపం' అనే వ్యాఖ్యను రాఘవేంద్ర స్వామివారు వ్రాశారు. జయతీర్థుల 'న్యాయసుధ'కు ఆయన వ్రాసిన 'పరిమళం' వల్లనే ఆయనకు పరిమళాచార్యులనే పేరు వచ్చింది. మీమాంసలో 'భాట్టసంగ్రహం' కూడా ఆయన రచనే. మనం కోరికలు విన్నవించుకునే ఆ బృందావనంలో, హేతువును తూచి తూచి పరీక్షించిన ఒక మహామేధావి కూడా ఉన్నాడు. తర్కం భక్తికి శత్రువైతే ఆ మహనీయుడు తన జీవితంలో అంత భాగాన్ని దానికి ఎందుకు వెచ్చించి ఉంటాడు?

తుంగభద్ర చెప్పే పాఠం

తర్కమంటే మాటల గారడీ కాదు. తెలిసిన దాని నుండి తెలియని దానికి తప్పటడుగు పడకుండా నడవడమే తర్కం. గౌతమ మహర్షి న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు వ్రాసిన భాష్యంలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. నది నిండుగా పొంగి రావడం చూసి, ఎగువన వాన కురిసిందని ఊహిస్తాము. ఇది అనుమాన ప్రమాణం. దీనిని ఐదు అవయవాలుగా విడమరచి చెప్పాలని శాస్త్రం విధించింది. ఎగువన వాన కురిసింది అన్నది ప్రతిజ్ఞ. నది పొంగింది కనుక అన్నది హేతువు. ఎక్కడెక్కడ నది ఇలా పొంగిందో అక్కడక్కడ ఎగువన వాన ఉన్నది, వెనుక వచ్చిన వరదలో చూశాము కదా అన్నది ఉదాహరణ. ఈ నది కూడా అలాగే పొంగింది అన్నది ఉపనయం. కాబట్టి ఎగువన వాన కురిసింది అన్నది నిగమనం.

ఇంతటితో ఆగితే అది శాస్త్రం కాకపోయేది. న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో ఎదుటివాడు లేచి ఆక్షేపిస్తాడు. ఎక్కడో అడ్డు పడి నీరు నిలిచినా నది పొంగుతుంది కదా, అప్పుడు మీ హేతువు నిలుస్తుందా అని అడుగుతాడు. ఎంత గట్టి ప్రశ్నో చూడండి. సిద్ధాంతి ఆ ప్రశ్నను తోసిపుచ్చడు. అడ్డుపడి నిలిచిన నీటి పొంగు వేరు, వాన వల్ల వచ్చే వరద వేరు అంటాడు. వడి, నురుగు, కొట్టుకువచ్చే ఆకులు, పండ్లు, కర్రలు ఉన్న పొంగునే తాను హేతువుగా గ్రహిస్తున్నానని వివరిస్తాడు. ఆక్షేపణ వల్ల హేతువు ఓడిపోలేదు, మరింత పదునెక్కింది.

ఇది పుస్తకాల ముచ్చట మాత్రమే కాదు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో ఎగువన కురిసిన కుండపోత వానలకు తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. నాటి పొంగుకు కారణం వానే. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట వద్ద జలాశయపు 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ తరువాతి రోజుల్లో దిగువకు వచ్చిన ప్రవాహానికి ప్రధాన కారణం వాన కాదు, తెగిన గొలుసు. ఒకటే నది, ఒకటే ఒడ్డు. కారణాలు మాత్రం రెండు. "నది పొంగింది కనుక వాన కురిసింది" అని విచారించకుండా పలికేవాడు ఒకసారి నిజం చెబుతాడు, మరొకసారి పొరబడతాడు. సాధించదలచినది ఉన్న చోటా లేని చోటా కూడా కనబడే ఇటువంటి హేతువును సవ్యభిచారమని శాస్త్రం పిలిచింది. హేతువువలె కనిపించి హేతువు కాని హేత్వాభాసాలు ఐదింటిలో ఇది మొదటిది.

వాదం వేరు, జగడం వేరు

ఇద్దరు మాట్లాడుకునే తీరును గౌతముడు మూడు విధాలుగా విభజించాడు. సత్యం తెలుసుకోవాలనే కోరికతో, ప్రమాణాలను ఆధారం చేసుకొని, ఇరుపక్షాలు సాగించే విచారణ వాదం. ఎలాగైనా గెలవాలనే పట్టుదలతో చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టుకోకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. వితండవాదం అనే మాటను మనం నేటికీ వాడుతున్నాము. అయితే వాదాలన్నీ వితండమే అనుకోవడం పొరపాటు. భగవద్గీత పదవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు తన విభూతులలో వాదాన్ని కూడా చేర్చాడు. అర్థనిర్ణయానికి తోడ్పడుతుంది కనుక వాదానికి ఆ ప్రాధాన్యం వచ్చిందని శంకర భగవత్పాదుల వివరణ.

జల్పంలో వాడే కపటానికి 'ఛలం' అని పేరు. ఒకడు కొత్త కంబళి కప్పుకున్న వానిని చూసి "ఇతడు నవకంబళుడు" అన్నాడట. 'నవ' అంటే తొమ్మిది అని కూడా అర్థముంది గనుక, "తొమ్మిది కంబళ్ళు ఏవీ? ఒక్కటే కదా ఉన్నది!" అని ఎదుటివాడు ఎగతాళి చేశాడట. మాటలోని ఉద్దేశాన్ని వదిలి అక్షరాన్ని పట్టుకొని గెలిచినట్టు చూపించడం ఛలం. నేడు మన ఇంటి తగవులలోనూ, ఊరి రచ్చబండ మీదా ఈ తొమ్మిది కంబళ్ళు ఎన్నిసార్లు కనబడతాయో మీరే ఆలోచించండి.

మరి జల్పవితండాలకు స్థానమే లేదా? మొలకెత్తిన పైరును కాపాడడానికి ముళ్ళకంప వేసినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి అవి అవసరపడతాయని గౌతముడు అంగీకరించాడు. కంప గట్టు మీదనే ఉండాలి. చేనంతా కంపే పరిస్తే పైరు ఎక్కడ పెరుగుతుంది?

తరాల తరబడి సాగిన సంభాషణ

వాదం ఎంత ఉదాత్తంగా సాగగలదో చూడాలంటే తుంగభద్ర వెంట ఎగువకు ఆనెగొంది దాకా వెళ్ళాలి. అక్కడి నవబృందావనంలో 1539లో దేహం చాలించిన వ్యాసతీర్థుల బృందావనం ఉంది. ఆయన 'న్యాయామృతం'లో అద్వైతంపై బలమైన ఆక్షేపణలు చేశారు. దానికి సమాధానంగా మధుసూదన సరస్వతి 'అద్వైతసిద్ధి' వ్రాశారు. ప్రత్యర్థి వాదాన్ని ఆయన ఎక్కడా పలుచన చేయలేదు. ఒక్కొక్క ఆక్షేపణనూ ఎత్తుకొని, దాని బలాన్ని ఒప్పుకొని, ఆ తరువాతనే సమాధానం చెప్పారు. దానిపై ద్వైతపక్షాన రామాచార్యులు 'తరంగిణి' వ్రాయగా, అద్వైతపక్షాన బ్రహ్మానంద సరస్వతి మళ్ళీ బదులిచ్చారు. ఎవరు గెలిచారన్నది ఇక్కడ మన విషయం కాదు. ఎదుటివారి గ్రంథాన్ని అక్షరమక్షరం చదవకుండా వారిలో ఎవ్వరూ కలం పట్టలేదు.

ఇదే పూర్వపక్షమనే సంప్రదాయం. మీమాంసకులైనా, వేదాంతులైనా ఒక అధికరణాన్ని విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనే ఐదు అంగాలతో నడుపుతారు. సిద్ధాంతం కంటే ముందు పూర్వపక్షానికి పీట వేస్తారు. ఎదుటివాడు తన పక్షాన్ని తానే చెప్పుకున్నా ఇంతకంటే బాగా చెప్పలేడనిపించేలా దానిని చెప్పాలి. బలహీనమైన పూర్వపక్షాన్ని కల్పించి దానిని ఓడించడం, గడ్డిబొమ్మను కొట్టి మల్లుడిననిపించుకోవడం వంటిది.

తర్కానికి హద్దు లేదా?

ఇప్పుడు ఈ వ్యాసానికే ఒక పూర్వపక్షం ఉంది. ఆత్మజ్ఞానం తర్కంతో లభించేది కాదని కఠోపనిషత్తే చెప్పింది కదా? ఒక బుద్ధిశాలి నిలబెట్టిన తర్కాన్ని అంతకంటే బుద్ధిశాలి పడగొడతాడు, దానికి నిలకడ లేదని బ్రహ్మసూత్రాలు కూడా చెప్పాయి కదా? అటువంటి దానిని పిల్లలకు నేర్పడం ప్రమాదం కాదా?

ఇది తేలికగా తీసివేయదగిన ఆక్షేపణ కాదు. ఆ సూత్రానికి భాష్యం వ్రాస్తూ శంకరులు ప్రతిపక్షం చేత ఒక సూక్ష్మమైన మాట పలికించారు. తర్కానికి నిలకడ లేదన్న సంగతిని కూడా తర్కంతోనే కదా తేల్చారు? తర్కాన్ని పూర్తిగా విడిచిపెడితే లోకవ్యవహారమే సాగదు కదా? శంకరులు దీనిని కాదనలేదు. కొన్ని విషయాలలో తర్కానికి నిలకడ ఉందని ఒప్పుకున్నారు. అయితే ఇంద్రియాలకు అందని పరతత్త్వాన్ని శ్రుతిని వదిలి కేవల తర్కంతో పట్టుకోలేమన్నారు. ఉపనిషత్తు శ్రవణం తరువాత మననాన్ని విధించింది. మననమంటే విన్నదానిని యుక్తితో విచారించుకోవడమే. ఎమ్మిగనూరు నేతవారికి ఈ సంగతి సులభంగా తెలుస్తుంది. శ్రుతి పడుగు, యుక్తి పేక. పడుగు లేని పేక నిలవదు. పేక లేని పడుగు బట్ట కాదు.

మన ఇంటి సభలో

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాము. దేవుడు అంతటా ఉంటే గుడికి ఎందుకు? ముందుగా ఆ ప్రశ్నను మనమే ఇంకా గట్టిగా చెప్పాలి. "గుడిలోనే ఉన్నాడంటే అంతటా ఉన్నాడన్న మాట తప్పు. అంతటా ఉన్నాడంటే గుడికి పోవడం వృథా. ఇదేనా నాయనా నీ సందేహం?" అని అడగండి. తన మాటను తాతగారు తనకంటే బాగా చెప్పడం విన్న పిల్లవానికి సగం కోపం అక్కడే తీరుతుంది.

ఆపైన హేతువును పరీక్షించాలి. 'దేవుడు అంతటా ఉన్నాడు' అన్న హేతువు, ఆయన ఇంట్లో లేకపోలేదు అన్నంతవరకే సాధిస్తుంది. మన మనస్సు అన్ని చోట్లా ఒకేలా నిలుస్తుందని అది సాధించదు. గుడి దేవుని ఉనికిని పెంచడానికి కాదు, మన చిత్తాన్ని నిలపడానికి. "నా మనస్సు ఇంట్లోనే నిలుస్తుంది" అని పిల్లవాడు అంటే, ఆ మాట నిజమైన మేరకు ఒప్పుకోవాలి. ఇంటి దేవతార్చన కూడా శాస్త్రసమ్మతమే. నలుగురితో కలిసి కొలవడం గుడిలోని మరొక ప్రయోజనమని చెప్పదలిస్తే, అది రెండవ కారణమని స్పష్టంగా చెప్పి మరీ చెప్పాలి. మొదటి హేతువు నిలవనప్పుడు చడీచప్పుడు లేకుండా దానిని మార్చుకోవడం 'హేత్వంతరం' అనే ఓటమి. న్యాయశాస్త్రం లెక్కించిన ఇరవై రెండు నిగ్రహస్థానాలలో అదొకటి. పిల్లలు దానిని ఇట్టే పసిగడతారు.

ఇలా మాట్లాడితే పెద్దరికం తగ్గుతుందని భయపడనక్కరలేదు. సమాధానం తెలియనినాడు "విచారించి చెబుతాను" అనడంలో అవమానమూ లేదు. వాదానికి అర్హులెవరో చెబుతూ న్యాయశాస్త్రం శిష్యుని, గురువును, సహాధ్యాయిని, శ్రేయస్సు కోరే అసూయ లేని వారిని పేర్కొన్నది. ఆ లక్షణాలన్నీ ఒక మంచి కుటుంబంలో సహజంగానే ఉంటాయి. ఈసారి మంత్రాలయం వెళ్ళినప్పుడు పిల్లలను బృందావనం ముందు నిలబెట్టి, స్వామివారి మహిమలతోపాటు ఆయన వ్రాసిన న్యాయదీపాన్ని గురించి కూడా ఒక మాట చెప్పండి. తిరుగు ప్రయాణంలో వారు ఏమి అడిగినా అడగనివ్వండి.