కోట, దుర్గం, గడి: మూడూ ఒకటేనా?

ఈ ఎపిసోడ్ ముందుగా ప్లాన్ చేసింది కాదు. పోయిన వీడియోలో నేను చేసిన తప్పు వల్ల వచ్చింది. జనగామ వైపు ఉన్న ఒక గడి గురించి మాట్లాడుతూ దాన్ని నాలుగైదు సార్లు "కోట" అనేశాను. సబ్‌టైటిల్‌లో కూడా "ఫోర్ట్" అని కొట్టేశాను. ఆ వైపు పెద్దాయన ఒకరు మెసేజ్ పెట్టారు: "బాబూ, కోట ముందర మీరు ఫొటో దిగుతరు. గడి ముందర మా తాత చెప్పులు చేతిల పట్టుకుని నడిచిండు. రెండూ ఒకటెట్లయితయి?"

నా దగ్గర సమాధానం లేదు. మాది దాచేపల్లి. మా వైపు గడి అంటే పదకేళిలో అక్షరం నింపే గడి, అంతే. పొందుగల దగ్గర కృష్ణ దాటి వాడపల్లిలో అడుగుపెడితే చాలు, అదే మాటకి బరువు మారిపోతుంది. అందుకే ఈ మాటలన్నీ ఒకసారి సరిగ్గా చూద్దాం అనుకున్నా.

ముందు కోట. ఇది మన దక్షిణాది మాట. తమిళంలో కోట్టై, కన్నడంలో కోటె. కానీ పేరులో కోట కనిపించిన ప్రతిచోటా కోట ఉంటుందనుకోకండి. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఉంది కదా, అక్కడ మూడు శిఖరాలు, అందుకే త్రికూటం. స్వామి త్రికోటేశ్వరుడు. మన జిల్లాలో ఇంటికొక కోటయ్య, కోటమ్మ, కోటేశ్వరరావు ఉంటారే, వాళ్ళంతా ఆ కొండ మీద స్వామి పేరువాళ్ళు. గోడలకీ బురుజులకీ సంబంధం లేదు.

దీనికి సరిగ్గా రివర్స్ కొండవీడు. పేరులో కోట లేదు, కొండ మీద మాత్రం పెద్ద కోట ఉంది. రెడ్డిరాజుల రాజధాని. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్నది దీన్నే. మరి "వీడు" ఎవడు? ఎవడూ కాదు! వీడు అంటే పాత తెలుగులో పట్టణం, దండు దిగిన చోటు. పెళ్ళివారికి ఇచ్చే విడిది ఉంది చూడండి, దానికి చుట్టం ఈ మాట.

దుర్గం సంస్కృతం. వెళ్ళడానికి కష్టమైన చోటు అని అర్థం. అంటే ఇక్కడ గోడ ముఖ్యం కాదు, దారి లేకపోవడం ముఖ్యం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దుర్గాలు నాలుగు రకాలు: నీళ్ళ మధ్య, కొండ మీద, ఎడారిలో, అడవిలో. హైదరాబాద్‌లో జాబ్ చేసే రోజుల్లో రోజూ రాయదుర్గం మెట్రోలో దిగేవాణ్ణి, దుర్గం చెరువు పక్కనుంచి వెళ్ళేవాణ్ణి. ఆ మాటకి అర్థం ఏంటని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. పొద్దున తొమ్మిదింటికి ఆ ట్రాఫిక్ చూస్తే మాత్రం, వెళ్ళడానికి కష్టమైన చోటు అనడం కరెక్టే.

ఖిల్లా అరబ్బీ నుంచి వచ్చింది. కొండపల్లి ఖిల్లా, ఖమ్మం ఖిల్లా అంటాం. బురుజు కూడా అక్కడిదే. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా ఉంది కదా, ఆ బుర్జే మన ఊరి బురుజు.

"పురం" విషయం నాకు భలే నచ్చింది. ఇప్పుడు పురం అంటే ఊరు. ఋగ్వేదం నాటికి పుర్ అంటే కోట. ఇంద్రుణ్ణి పురందరుడు అంటారు, అంటే కోటలు పగలగొట్టేవాడు. ఊళ్ళు కట్టుకునేవాడు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇక్ష్వాకుల విజయపురికి ప్రాకారం, అగడ్త రెండూ ఉండేవి. ఇప్పుడది నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది.

రాళ్ళ కోటలు కూలిపోయినా మాటల కోటలు మాత్రం ఫుల్ యాక్టివ్. ఎలక్షన్ వస్తే ప్రతి నియోజకవర్గం ఎవరికో ఒకరికి "కంచుకోట". ఓడిపోతే "కోటకి బీటలు". మాటలు కోటలు దాటేవాళ్ళ సంగతి సరేసరి. నాకిష్టమైనది "పెట్టనికోట". ఎవరూ కట్టకుండానే కాపాడే కోట అని. హిమాలయాలు మనకి పెట్టనికోట అని స్కూల్లో చదివాం. పల్నాడుకైతే ఒకవైపు కృష్ణ, ఒకవైపు నల్లమల.

ఇప్పుడు గడి. చూడ్డానికి ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజా, కొన్నిచోట్ల బురుజులు కూడా. కొన్ని గడులు నిజంగా కోటల్లాగే కట్టారు, దోమకొండ అలాంటిదే. అందుకే నేను తికమకపడ్డాను. కానీ గోడ ఎవరి నుంచి ఎవర్ని కాపాడుతోంది అన్నది అడగాలి. బయటి సైన్యం వస్తే ఊరి జనం కోట లోపలికి పరిగెత్తేవాళ్ళు. గడి గోడ దొరని ఊరివాళ్ళ నుంచే కాపాడింది. వెట్టి, శిస్తు, పంచాయితీ, శిక్ష, అన్నీ ఆ దర్వాజా దగ్గరే. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ కాల్పులు గడి వైపు నుంచే వచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడ రాజుకుంది. అలాంటి చోటుకి నేను "అందమైన కోట" అని థంబ్‌నెయిల్ పెట్టాను.

థంబ్‌నెయిల్ తీసేశా. సబ్‌టైటిల్‌లో ఇప్పుడు "గడి" అనే ఉంటుంది, దానికి ఇంగ్లిష్ పెట్టడం లేదు. పెద్దాయనకి రిప్లై ఇచ్చాను, ఆయన ఇంకా చూడలేదు. మీ ఊళ్ళో ఒంటరి బురుజు గానీ, పాత గోడ గానీ ఉంటే దాన్ని మీ నాయనమ్మ ఏమని పిలుస్తుందో అడిగి, ఆ మాట ఆమె గొంతుతోనే రికార్డ్ చేసి నాకు పంపండి.